చైను కవరు మీద సొట్ట

మా పశువుల పాకలో వాసానికి తాళ్ళతో వేలాడుతున్న నాన్నగారి సైకిలును 2024 వేసవిలో కిందికి దించాము. పశువులు పోయి పాక ఎప్పుడో పాడుపడింది. దాన్ని విప్పించి రేకుల షెడ్డు వేయిద్దామని పని పెట్టుకున్నాము గనుక సైకిలు సంగతి తేల్చక తప్పలేదు. పాత ఇనుము కొనే అతను వచ్చి తూకానికి అడిగాడు. పిల్లలు ఇచ్చేయమన్నారు. మాకు మాత్రం చేతులు రాలేదు.

ఇది రాస్తున్నది మేమిద్దరం అన్నదమ్ములం. ఒకరు రాస్తుంటే ఒకరు పక్కన కూర్చుని సరిదిద్దుతున్నారు, అందుకే 'మేము' అంటున్నాము. పెద్దవాడికి డెబ్భై దాటింది. చిన్నవాడు రెండేళ్ళు చిన్న. ఇన్నేళ్ళలో మాకు పొలం గట్ల దగ్గర గాని, ఇంటి పంపకాల దగ్గర గాని మాట తేడా రాలేదు. వచ్చిందల్లా ఈ సైకిలు చైను కవరు మీద ఉన్న అరచేయంత సొట్ట దగ్గరే. ఆ సంగతి తరువాత చెబుతాము.

మాది పశ్చిమ గోదావరి డెల్టాలో కాలువ గట్టున ఉన్న ఊరు. నాన్నగారు ఊళ్ళో మిషను బడి ఉపాధ్యాయులు. పగలు బడి. సాయంకాలం చుట్టుపక్కల మూడు పాలెములలో ప్రార్థన కూటములు. వానాకాలం వస్తే ఆ దారి మోకాటిలోతు బురద. ఏళ్ళ తరబడి నడిచి నడిచి, 1959లో భీమవరం వెళ్ళి హెర్క్యులిస్ సైకిలు కొనుక్కొచ్చారు. ఆయన మూడు నెలల జీతం దానికి పోయిందని అమ్మ చాలాకాలం చెప్పుకునేది, సగం గొప్పగా, సగం నిష్ఠూరంగా.

హెర్క్యులిస్ అనేది మొదట ఇంగ్లాండులోని బర్మింగ్‌హాములో 1910లో పుట్టిన కంపెనీ. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మురుగప్ప వారు ఇంగ్లాండు కంపెనీతో కలిసి మద్రాసులో టి.ఐ. సైకిల్స్ అని పెట్టారు. అంబత్తూరు ఫ్యాక్టరీలో హెర్క్యులిస్, ఫిలిప్స్, బి.ఎస్.ఎ. పేర్లతో సైకిళ్ళు తయారయ్యేవి. అటు సోనేపటులో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో వచ్చాయి. ఆసన్‌సోలులో సేన్-ర్యాలీ ఉండేది. పేర్లు ఎన్నయినా సైకిలు మాత్రం ఒక్కటే అచ్చు. నల్ల రంగు, దాని మీద సన్నని బంగారు గీతలు, ఎత్తయిన చట్రం, 28 అంగుళాల చక్రాలు. ఇంగ్లాండులో జాన్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, వెనుక చక్రాన్ని చైను తిప్పే సైకిలు తయారుచేసింది 1885లో. మూడేళ్ళకు డన్‌లప్ గారు గాలి టైరు కనిపెట్టారు. ఆ తరువాత మన పల్లెటూరి సైకిలులో మారింది చాలా తక్కువ. మారనవసరం కూడా లేకపోయింది.

ఈ కాలం పిల్లలకు అది మొరటుగా కనిపిస్తుంది. కొంచెం చెప్పనివ్వండి. బ్రేకు తీగలు లేవు, కడ్డీలున్నాయి. హ్యాండిల్ కింద పిడి నొక్కితే కడ్డీ కడ్డీని లాగి, రబ్బరు దిమ్మలు రిమ్మును లోపలి నుండి అదుముతాయి. తీగ తెగుతుందన్న భయం లేదు. వానలో మాత్రం ఆగమంటే వెంటనే ఆగేది కాదు, ఆ మాట దాచకూడదు. వెనుక చక్రానికి 40 ఊచలు, ముందు చక్రానికి 32. బరువంతా వెనుకే పడుతుంది గనుక ఆ లెక్క. ముందు ఫోర్కు కాస్త ముందుకు వంగి ఉంటుంది. అందువల్ల గోతిలో పడిన కుదుపు సగం అక్కడే ఆగిపోయి మణికట్టుకు చేరేది కాదు. తోలు సీటు కింద పెద్ద స్ప్రింగులు. చైనును పూర్తిగా మూసే రేకు కవరు. నాన్నగారు తెల్లపంచె కట్టుకుని, నిటారుగా కూర్చుని, ఒళ్ళో బైబిలు సంచితో నాలుగు మైళ్ళు తొక్కి దిగితే పంచె మీద చుక్క నూనె మరక ఉండేది కాదంటే ఆ కవరు పుణ్యమే.

ఇంకొక సంగతి. దానికేమి జబ్బు చేసినా మందు ఊళ్ళోనే ఉండేది. చక్రంలో గాలి నిలవకపోతే పావలా పెట్టి జానెడు వాల్వు ట్యూబు కొని ముక్క కోసి తొడిగితే సరి. పంక్చరు అయితే పళ్ళెంలో నీళ్ళు పోసి, ట్యూబు ముంచి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి పాత ట్యూబు ముక్క అతికించడమే. ఇవాళ మా ఇంట్లో ఉన్న బండి ఆగిపోతే మాలో ఎవరికీ దాని లోపల ఏముందో తెలియదు. కంపెనీ మెకానిక్కు ఎదుట చేతులు కట్టుకుని నిలబడాలి.

ఆ సైకిలు మోయని బరువు లేదు. బియ్యం బస్తా మోసింది. పురిటికి వచ్చిన మా పిన్నిని బస్సు దగ్గర నుండి తెచ్చింది. కోతపండుగకు గుమ్మడికాయలు, అరటి గెలలు మందిరానికి చేర్చింది. ఆదివారం ముందు కడ్డీ మీద చిన్నవాడు, వెనుక క్యారేజీ మీద అమ్మ, అమ్మ ఒళ్ళో పెద్దవాడు. అక్క నడిచి వచ్చేది. దగ్గరే కదా అనేవారు.

అక్క మాకంటే పెద్దది, 1952లో పుట్టింది. ఊరి బడిలో చదువు అయిదో తరగతి వరకే. హైస్కూలు నాలుగు మైళ్ళ దూరాన ఉన్న ఊళ్ళో. అక్క 1963లో అయిదు పాసయింది. లెక్కల్లో మా ఇద్దరికంటే చురుకు. హైస్కూలుకు పంపిస్తామనే నాన్నగారు అన్నారు. ఎలా పంపాలన్నది ఒక్కటే చిక్కు. ఒంటరి ఆడపిల్లను గట్టు వెంట నడిపించడం అమ్మకు ఇష్టం లేదు. రోజూ దిగబెట్టి రావడానికి నాన్నగారికి బడి ఉంది. రెండేళ్ళు ఆగితే తమ్ముడు కూడా హైస్కూలుకు వస్తాడు, వాడు తొక్కుతుంటే వెనుక కూర్చుని వెళ్ళవచ్చునని తీర్మానించారు. సైకిలు పగలంతా బడి అరుగు మీద ఖాళీగానే ఉండేది. అక్క తనే తొక్కుకుంటూ వెళ్ళవచ్చునన్న ఆలోచన ఎవరికీ తోచలేదు. తోచినా, ఆ కడ్డీ ఉన్న సైకిలు మీద పరికిణీతో ఆడపిల్ల కాలు వేయడమా? భీమవరంలో ఇద్దరు నర్సమ్మలు లేడీస్ సైకిలు మీద ఆసుపత్రికి వెళుతుంటే జనం నిలబడి చూసిన రోజులవి. లేడీస్ సైకిలుకు మధ్య కడ్డీ కిందికి దిగి ఉంటుంది, చీర చక్రంలో పడకుండా వెనుక వల ఉంటుంది. అంత చిన్న తేడా. మా ఇంటికి రెండో సైకిలు కొనే స్తోమతు లేదు.

1965లో పెద్దవాడు హైస్కూలులో చేరాడు. అప్పటికి అక్కకు పదమూడేళ్ళు. ఈడు వచ్చిన పిల్ల, ఇప్పుడేమి బడి అన్నారు. మరి రెండేళ్ళకు చిన్నవాడు చేరాడు. క్యారేజీ మీద ఒకరికే చోటు. అక్క సంగతి ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. నాన్నగారిని తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. ఆయన మాకు తెలిసిన మనుషుల్లో మంచివారు. కాని మేము వెళ్ళాము, అక్క వెళ్ళలేదు.

మాకు సైకిలు నేర్పింది అక్కే అంటే నమ్ముతారా? మా ఎత్తుకు సీటు అందేది కాదు. కడ్డీ కింద నుండి కాలు దూర్చి, ఒళ్ళంతా ఒక పక్కకు వంచి తొక్కే అడ్డతొక్కుడు పాఠకుల్లో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. కళ్ళంలో మేము అలా తొక్కుతుంటే అక్క వెనుక క్యారేజీ పట్టుకుని పరుగెత్తేది. "ముందుకు చూడరా, చక్రం వైపు చూడకు" అని అరిచేది. పట్టుకున్నానని చెబుతూనే ఎప్పుడో వదిలేసేది. తనకు రాని విద్య ఎలా నేర్పగలుగుతోందని మాకు అప్పుడు అనిపించలేదు.

శనివారం సాయంకాలం సైకిలు తుడవడం అక్క పని. కిరసనాయిలు గుడ్డతో ఊచలు ఒక్కొక్కటే తుడిచేది. పుల్లతో కొబ్బరినూనె చుక్కలు ఇరుసుల్లో వేసేది. పంక్చరు వేయడం కూడా మాకంటే ముందు దానికే వచ్చింది. ఆదివారం ఉదయం నాన్నగారు దాన్ని బయటికి తీస్తే కొత్తదానిలా మెరిసేది. చూసినవారు, "మాస్టారూ, మీ సైకిలు ఎప్పుడూ కొత్తే" అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఇక సొట్ట. 1968 జనవరిలో నాన్నగారు మహాసభలకని బస్సులో వెళ్ళారు. మూడు రోజులు సైకిలు మా చేతుల్లో ఉంది. ఆయన తిరిగి వచ్చిన పూట సైకిలు బయటికి తీస్తే చైను కవరు లోపలికి నొక్కుకుపోయి, పెడలు తిప్పినప్పుడల్లా చైను రేకుకు తగిలి కరకరమంటోంది. ఎవరు చేశారని అడిగారు. పెద్దవాడు నేను కాదన్నాడు. చిన్నవాడు నేను కాదన్నాడు. నాన్నగారికి సొట్ట కంటే అబద్ధం పెద్ద నేరం. ఇద్దరిలో చిన్నవాడికే దుడుకు ఎక్కువని బెత్తం వాడికి పడింది. ఇద్దరూ నెలరోజులు నడిచి బడికి వెళ్ళాలన్నారు. వెళ్ళాము. ఆ నెలంతా మేము మాట్లాడుకోలేదు. చిన్నవాడి లెక్కలో పెద్దవాడు పడేసి నోరు మూసుకున్నాడు. పెద్దవాడి లెక్కలో చిన్నవాడు దెబ్బలు తిని కూడా ఒప్పుకోలేదు. పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టాక కూడా పండుగకు కూర్చున్నప్పుడు నవ్వుతూనే ఆ మాట తీసేవాళ్ళం. నవ్వు వెనుక కొంచెం ముల్లు ఉండేది.

అక్కకు 1970లో పెళ్ళయింది. కట్నంలో వరుడికి సైకిలు అడిగారు. ఆ రోజుల్లో సైకిలు, వాచీ, రేడియో అన్నది విశ్వాసుల ఇళ్ళలో కూడా మామూలు మాట, చెప్పుకోవడానికి సిగ్గయినా. నాన్నగారు అప్పు చేసి కొత్త సైకిలు ఇచ్చారు. మా ఇంట్లో రెండో సైకిలు కొన్నది అప్పుడే. అదీ అక్క కోసం కాదు.

తరువాత మాకు ఉద్యోగాలు, స్కూటర్లు వచ్చాయి. నాన్నగారు 1989లో ప్రభువునందు నిద్రించారు. అంతకు ముందు వారం వరకు సైకిలు తొక్కారు. సైకిలును ఏం చేయాలో తెలియక వాసానికి కట్టాము. ఆమధ్య 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినం నాడే, అట్లాస్ వారి సాహిబాబాదు ఫ్యాక్టరీ మూతపడిందని చదివి పాకలోకి వెళ్ళి ఒకసారి తలెత్తి చూసి వచ్చాము.

ఇంకొకటి కూడా చదివాము. 1991-92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు పల్లెటూరి ఆడవాళ్ళు వేలకొద్దీ సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ గారు అందుకు గట్టిగా నిలబడ్డారు. లేడీస్ సైకిళ్ళు దొరక్క జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు గనుక అదే మేలన్నవారు కూడా ఉన్నారు. మా ఊళ్ళో అందరూ అడ్డమనుకున్న ఆ కడ్డీయే! ఈ సంగతి అక్కకు చెబితే శ్రద్ధగా విని ఒక్కటే అడిగింది. "ఎక్కడం సరేరా, దిగడం ఎవరు నేర్పారంట వాళ్ళకి?" మేము నవ్వేశాము.

సైకిలును భీమవరంలో ఒక పాత మెకానిక్కు దగ్గరికి చేర్చాము. ఆయన దాన్ని చూడగానే పంక్చరు వేస్తున్న ట్యూబు పక్కన పెట్టి లేచి వచ్చాడు. ఆ కొలత టైర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, సీటు తోలు మాత్రం చీలికలైంది. పెడలు కాడను పట్టి ఉంచే కాటర్ పిన్ను తుప్పు పట్టి, కిరసనాయిల్లో రెండు రోజులు నానబెడితే గాని కదలలేదు. పదిహేను రోజుల్లో తిప్పి చూపించాడు. వెనుక చక్రం ఒకసారి తిప్పి వదిలితే చాలాసేపటికి గాని ఆగలేదు. అక్కడ పనిమీద వచ్చిన హైదరాబాదు ఆయన ఒకరు, పాత సైకిళ్ళు సేకరించే అలవాటున్నవారు, మేము కలలో కూడా అనుకోని ధర చెప్పారు. సొట్ట ఒక్కటి సరిచేయిస్తే ఇంకా ఇస్తానన్నారు. ఆలోచించుకుని చెబుతామని ఇంటికి తెచ్చుకున్నాము.

ఆ ఆదివారం అక్క వచ్చింది. కూడా మనవరాలు. ఆ పిల్లకు బడిలో సైకిలు ఇచ్చారు, రోజూ దాని మీదే హైస్కూలుకు వెళుతుంది. నాన్నగారి సైకిలు ఎత్తబోయి, "అమ్మో, ఇంత బరువా!" అంది. అక్క మాత్రం స్టాండు తీసి, చేత్తో హ్యాండిల్ పట్టుకుని, వాకిట్లో ఇటు నుండి అటు నడిపించింది. ఆ నడిపించే తీరులో ఏదో ఉంది, మాకు అప్పుడు అర్థం కాలేదు. సీటు మీద చేయి వేసింది. చైను కవరు దగ్గర ఆగింది.

భోజనాల దగ్గర అమ్మకం మాట వచ్చింది. అమ్మేద్దామని పెద్దవాడు, వద్దని చిన్నవాడు. కనీసం సొట్ట తీయిద్దామని పెద్దవాడు అంటే, "నీ గుర్తు చెరిపేసుకుందామనా?" అన్నాడు చిన్నవాడు. నవ్వలేదు ఈసారి. పెద్దవాడు కంచం ముందు నుండి లేవబోయాడు. డెబ్భై ఏళ్ళ వాళ్ళం, మనవల ముందు.

"కూర్చోరా పెద్దోడా," అంది అక్క. "అది నేను చేసింది."

మాకు చాలాసేపు మాట రాలేదు. అక్క తన కంచంలో పెరుగు కలుపుకుంటూ చెప్పింది. నాన్నగారు మహాసభలకు వెళ్ళిన రెండో రాత్రి. వెన్నెల పిండి ఆరబోసినట్టుంది. కోతలయ్యి చేలన్నీ ఖాళీ. అమ్మ, మేము నిద్రపోయాక పరికిణీ పైకి దోపుకుని సైకిలు బయటికి నడిపించింది. చక్రం చప్పుడు కాకుండా ఆ సాయంకాలమే నూనె వేసి ఉంచిందట. కాలువ రేవు మెట్టు మీద నిలబడి కడ్డీ దాటి ఎక్కింది. అడ్డతొక్కుడు కాదు, సీటు మీదే.

"ఎంత దూరం వెళ్ళావే అక్కా?" అన్నాడు చిన్నవాడు.

"లాకుల దాకా. మళ్ళీ వెనక్కి." రెండు మైళ్ళు పోను, రెండు రాను. "గాలి మొహానికి కొడుతుంటే హైస్కూలు ఇంతేనా దూరం, ఇంకాస్త వెళితే వచ్చేస్తుందిగా అనిపించింది. వెళ్ళిపోదునేమో. తెల్లవారుతుందని తిరిగి వచ్చా."

"మరి నన్ను నాన్నగారు కొడుతుంటే..."

"నోరు తెరిచాను చిన్నోడా. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకి తెలుసు. చెబితే ఏమవుతుందో కూడా ఆవిడకి తెలుసు." అక్క చేయి కడుక్కోవడం మరిచిపోయి అలాగే కూర్చుంది. "నీ వీపు మీద వాతలకి రాత్రి వెన్న రాసింది ఎవరనుకున్నావు?"

చిన్నవాడు ఆ మాటకు ఏమీ అనలేదు. లేచి వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి మనవరాలు అడిగింది. "అంతదూరం బాగా తొక్కి వచ్చావుగా అమ్మమ్మా, మరి సొట్ట ఎలా పడింది?"

"అదేనమ్మా. ఎక్కడం వీళ్ళకి నేర్పుతూ నేర్చుకున్నా. తొక్కడం చూసి నేర్చుకున్నా. ఇంటి ముందుకి వచ్చాక గాని తెలీలేదు, నాకు దిగడం రాదని."